మూడు కత్తెరలు

సంచి ఒళ్లో పెట్టుకుందన్న మాటే గానీ సత్యకుమారి దాని వంక చూడటం లేదు. ఆసుపత్రి వరండాలో ఇనుప బల్ల మీద కూర్చుని చూరులోంచి కారుతున్న నీళ్లని చూస్తోంది, గేటు వైపు చూస్తోంది, గేటు అవతల తడిసి ముద్దయిన ఆటోల్ని చూస్తోంది, మళ్లీ చూరు వైపే చూస్తోంది. అంబులెన్సు రావాలి. రాత్రి కురిసిన వానకి ఘాట్ రోడ్డులో ఎక్కడో చెట్టు పడిందట, కోసి తీస్తున్నారట, ఓ గంటలో వచ్చేస్తుందని చెప్పి డాక్టరుగారు లోపలికి వెళ్లిపోయారు. తల లోపల దెబ్బ తగిలింది, స్కానింగు తీయాలి, అది విశాఖపట్నంలోనే అవుతుంది, తెలివి ఇంకా రాలేదు, ఎంత తొందరగా తీసుకెళ్తే అంత మంచిది అన్నారు. ఆయన చెబుతున్నంతసేపూ ఆమె తలూపుతూనే ఉంది. మీ అమ్మాయా అని అడిగారాయన. కాదండీ, మా ఇంట్లో ఉంటాది అంది. అన్నాక నోరు చేదెక్కింది. మా ఇంట్లో ఉంటాది. నిజమే, ఉంటుంది. అంట్లు తోముతుంది, కొట్టు ముందు కళ్లాపి చల్లుతుంది, సంతకెళ్లి సరుకు చూసొస్తుంది, కూతురు హారికకి రోజూ రెండు జడలు వేస్తుంది. చిట్టి లేకపోతే ఆ ఇల్లు ఒక పూట నడవదు. అలాంటి చిట్టికి కుట్లు వెయ్యడానికి తల గొరిగి, జడ పారేయమంటారా అమ్మా అని నర్సమ్మ అడిగితే, వద్దని చెయ్యి చాపింది సత్యకుమారి. ఎందుకు చాపిందో తనకే తెలీదు. చిట్టి సంతకి పట్టుకెళ్లిన సంచీ అక్కడే పడుంటే అందులో పెట్టుకుంది. సంచి మీద తమ కొట్టు పేరే, శ్రీ వరాహలక్ష్మీనరసింహ కిరాణా, అరకులోయ, ఆ పేరు పైన చందనం పూతలో సింహాద్రి అప్పన్న బొమ్మ. కొత్త సంచులు అచ్చు వేయించినప్పుడు దేవుడి బొమ్మ ఉండాల్సిందేనని పట్టుబట్టింది తనే. ఇప్పుడా బొమ్మని కిందికి తిప్పి పెట్టుకుంది.

వలిసె పూలు విరగబూశాయని, డుంబ్రిగుడ దారిలో కొండ వాలంతా పసుపుపచ్చగా మెరిసిపోతోందని, టూరిస్టులంతా ఫొటోలు పెడుతున్నారని, అక్కడే పెరిగిన తను మాత్రం ఇంట్లో పడి ఉందని హారిక వారం రోజులుగా ప్రాణం తీస్తోంది. చిట్టి సంతకి వెళ్తోంది కదా, దాంతో వెళ్లి రా అంది సత్యకుమారి. గుమ్మంలో నుంచుని చిట్టికి ఒక మాట కూడా చెప్పింది. బయటి పక్క నువ్వు కూకో, హారికకి చలిగాలి పడదు. అది ప్రతిసారీ చెప్పే మాటే, తలుపు గడియ పెట్టుకో అన్నంత మామూలు మాట. చిట్టి సరేనమ్మా అంది. చిట్టి దేనికి సరేనమ్మా అనలేదు గనక? తర్వాత తను వంటింట్లో తోటకూర తరుగుతుంటే ఫోను మోగింది. సంతలో కూరగాయలు కొనే తమ వైపు మనిషి, చీపురుపల్లి అతను. "వొదినా, మీ గుంటలెక్కిన ఆటో మలుపులో పడిపోనాది. ఒక గుంటకి పరవానేదంట. రెండో గుంటకి తల పగిలిపోనాదంట. ఏ గుంటో తెలవట్లేదు వొదినా, మొకమంతా రగతమంట." అంతే, ఇద్దరు ఆడపిల్లల్లో ఎవరన్నది తేలకుండానే సిగ్నలు పోయింది. ఆ కొండల్లో సిగ్నలు మనిషిని సగంలో ఒదిలేసి పోవడం అలవాటే. కానీ అంత కసిగా ఎప్పుడూ పోలేదు.

ఇక అక్కడినుంచి ఆలోచన ఎటు తిప్పినా దేవుడి గదిలోకే పోతోంది. కత్తిపీట మీది నుంచి లేచిన మనిషి కొట్లో ఉన్న మొగుణ్ణి పిలవలేదు, రోడ్డు మీదికి పరుగెత్తలేదు. తిన్నగా ఆ గదిలోకి వెళ్లి పడింది. దీపం కొండెక్కి ఉంది, వెలిగించను కూడా లేదు. అప్పన్న పటం ముందు నేల మీద బోర్లా పడిపోయి, ఆ రెండో గుంట నా గుంట కాకూడదు తండ్రీ, నా గుంట కాకుండా చూడు తండ్రీ, అని నోటికి ఊపిరాడకుండా అంది. మళ్లీ మళ్లీ అంది. పసుపు గుడ్డలో రూపాయి బిళ్ల పెట్టి ముడుపు కట్టి, హారిక పేరు చెప్పి, గోత్రం చెప్పి, దేవుడు పొరబడకుండా ఇంటర్ చదువుతున్న హారిక అని కూడా చెప్పింది. నీకు లెక్కలు రావే అని దేవీప్రసాద్ పెళ్లయిన దగ్గర్నుంచి ఆమెని ఏడిపిస్తూనే ఉన్నాడు. రాకపోతే పోయె, ఈ లెక్క ఎవరికైనా వస్తుంది. ఆటోలో తమ ఇంటి పిల్లలు ఇద్దరే. ఇద్దరిలో ఆమె కాకపోతే ఈమె. అడిగినప్పుడే తెలుసు ఎవరిని అడుగుతోందో. తెలియలేదని ఇప్పుడు చెప్పుకోవాలని ఉంది, కంగారులో అనేశానని, కన్నపేగు కదా అని, ఏ తల్లయినా అదే అడుగుతుందని. చెప్పుకుంటోంది కూడా, ఇందాకట్నుంచి. మనసు వింటే కదా. ముడుపు కడుతుంటే కళ్ల ముందు చిట్టి మొహం ఒక్క క్షణం వచ్చింది, నవ్వుతూనే వచ్చింది, దాన్ని పక్కకి తోసి మరీ ముడి బిగించింది. అది మరిచిపోదామన్నా కుదరడం లేదు.

ఆ తర్వాత ఫోను మళ్లీ మోగింది. ఈసారి హారిక గొంతే. అమ్మా అన్న ఆ ఒక్క పిలుపు చెవిన పడగానే సత్యకుమారి కొట్లోకి పరుగెత్తుకెళ్లి, "అమ్మయ్య! అప్పన్న ఉన్నాడయ్యా, అప్పన్న ఉన్నాడు!" అని అరిచేసింది. బియ్యం కొంటున్న వాళ్లు, ఎదురు కొట్టు వాళ్లు, అందరూ విన్నారు, ఒకావిడ చేతులెత్తి దండం కూడా పెట్టింది. ఫోనులో హారిక ఏడుస్తూ ఇంకేదో చెబుతూనే ఉంది. అమ్మా, చిట్టి లెగట్లేదే. పిలుస్తుంటే లెగట్లేదే అమ్మా. ఆ మాటలు చెవిలోకి వెళ్లాయి గానీ లోపలికి చాలాసేపటికి దిగాయి, ఆటోలో కూర్చుని ఆసుపత్రికి వస్తున్నప్పుడు. అప్పుడు తల కొట్టేసినట్టయింది. పక్కన దేవీప్రసాద్ కూర్చుని ఉన్నా అతని మొహంలోకి చూడలేకపోయింది.

దేవుడంటే ఆమెకి మొదట్నుంచీ ఇంతే. పంచదార నిండుకున్నప్పుడు పక్కింటికి వెళ్లినట్టు వెళ్లడం. కొత్త కోడలుగా ఈ కొండ మీదికి సరుకు లారీలో వచ్చింది, ముందు సీట్లో, ఒళ్లో ఇదే అప్పన్న పటం. ఒక్కో మలుపూ తిరుగుతుంటే కింద లోయలోకి చూసి కళ్లు మూసుకుని అప్పన్నా అప్పన్నా అనుకుంటూనే వచ్చింది. పైకి చేరాక, బస్తాలు దించుతున్న గోలలో, పటం లారీలోనే మరిచిపోయింది. క్లీనరు పరుగెత్తుకొచ్చి ఇచ్చాడు. అత్తగారు ఆ సంగతి బతికున్నంత కాలం చెప్పి నవ్వేది. మొదటి వానాకాలం మలేరియా వచ్చి వణికిపోయినప్పుడు మళ్లీ గుర్తొచ్చాడు. పురిటికి ఘాట్ రోడ్డు దిగేటప్పుడు గుర్తొచ్చాడు. కరోనాలో దేవీప్రసాద్‌కి ఊపిరందనప్పుడు రాత్రీ పగలూ అప్పన్న కాళ్లే పట్టుకుంది. పట్టుకున్న ప్రతిసారీ ఆయన ఆదుకున్నాడనే అనుకుంది. అంతా సర్దుకున్నాక ఆయన వాటాకి ఒక అగరుబత్తి, ఒక అరటిపండు. అదేం తప్పని ఎప్పుడూ అనిపించలేదు. కష్టంలో పిలవడానికి కాకపోతే దేవుడెందుకు? కష్టం వచ్చినవాడు ఆ గుమ్మంలోకే పోతాడు, పోవాలి. కానీ ఈ పొద్దున ఆ గుమ్మంలోకి తను దూరి, వెనకాల వస్తున్న పిల్ల మొహం మీద తలుపు వేసింది. అదీ జరిగింది. ఈ సంగతి తెలిసినవాళ్లు ఇద్దరే. ఒకరు తను. చిట్టిని బతికించమని అడగాలంటే ఇప్పుడు ఆ రెండో ఆయన దగ్గరికే వెళ్లాలి.

పక్క గదిలో ఎవరో ముసలామె, మంచం మీది మనిషి చెయ్యి పట్టుకుని, ఏసయ్యా, మా ఏసయ్యా అని సన్నగా అంటోంది. ఇందాకట్నుంచీ ఆపకుండా అంటోంది. ఎవరిని పిలవాలో ఆమెకి తెలుసు, పిలుస్తోంది, దాపరికం లేదు. సత్యకుమారికి ఆమె మీద అసూయ పుట్టింది. తనకీ నోటి చివరే ఉంది పేరు, అప్పన్నా అని. రెండుసార్లు పెదవులు కదిపింది. మొహం చెల్లలేదు. అలవాటు చొప్పున బుర్ర మాత్రం మొక్కు వెతుకుతోంది. చిట్టి లేచి కూర్చుంటే కొబ్బరికాయలు కొడతాను, గంట చేయించి ఇస్తాను, చిట్టి తలనీలాలు ఇప్పిస్తాను. ఆ మాట దగ్గర ఆగిపోయింది. చేతి కింద సంచీ మెత్తగా తగిలింది. ఛీ అనుకుంది. పైకే అనేసిందేమో, బల్ల ఆ చివర కూర్చున్న ఎవరో తల తిప్పి చూశారు.

చిట్టి తలనీలాలు ఒకసారి ఇప్పించింది కదా. అప్పుడు హారిక ఎనిమిదో తరగతి, డెంగీ జ్వరం, ఒళ్లు కాలిపోతోంది. బతికి బట్టకడితే పిల్ల తలనీలాలు ఇస్తానని మొక్కింది. బట్టకట్టింది. తీరా సింహాచలం ప్రయాణం పెట్టుకునేసరికి హారిక గుండు చేయించుకోనని మంచం కింద దూరింది, స్కూల్లో నవ్వుతారట, చచ్చిపోతానంది. బతిమాలారు, తిట్టారు, లాభం లేకపోయింది. తల్లి ఇవ్వొచ్చు కదా అని దేవీప్రసాద్ అనలేదు, ఆమెకీ తోచలేదు. తోచలేదా? తోచింది. పుణ్యస్త్రీని, నాకు మూడు కత్తెరలే అని చటుక్కున అడ్డం వేసుకుంది. వాళ్ల వైపు ఆడవాళ్లు గుండు చేయించుకోరు, చివర మూడుసార్లు కత్తెరతో తుంచి ఇస్తారంతే. మరి మొక్కు గుండు మొక్కు. అప్పుడు కళ్లు చిట్టి మీద పడ్డాయి. నడుం దాకా జుట్టు దానికి, కానుగ నూనె వాసనేస్తూ. నువ్వు ఇచ్చేయవే చిట్టీ, మళ్లీ వచ్చేస్తాది కదా అంటే, సరేనమ్మా అంది. కేశఖండన శాలలో తల వంచుకు కూర్చుని, కత్తి తిరుగుతున్నంతసేపూ రెండు చేతులూ ఒళ్లో గట్టిగా పట్టుకుని కూర్చుంది. అయిపోయాక అరచేత్తో తల తడుముకుని నవ్వింది. ఆ నవ్వు చూసి సత్యకుమారికి మనసు తేలికపడింది, చూశావా, దానికీ సంతోషమే అనుకుంది. తను మూడు కత్తెరలు ఇచ్చింది. దేవుడి దగ్గర మొక్కు చెల్లిందని రైలెక్కి, సొరంగం వచ్చినప్పుడల్లా హారిక కేకలు పెడుతుంటే నవ్వుకుంటూ వచ్చారు. చిట్టి తువ్వాలు చుట్టుకుని కిటికీ పక్కన కూర్చుంది. అప్పుడు కూడా బయటి పక్కే.

దాని తల్లి సుక్రి ఆ వారం సంతకి అడ్డాకులు తెచ్చినప్పుడు కూతుర్ని చూసి కొయ్యబారిపోయింది. సత్యకుమారి కొట్టు అరుగు మీద కూర్చోబెట్టి టీ ఇచ్చి చెప్పింది. మా దేవుడి పద్ధతి ఇది సుక్రీ, ఇంట్లో ఒకలికి బాగులేకపోతే ఇంకొకలు జుట్టు ఇవ్వాల. భక్తి ఉండాల గానీ ఎవలిదైతే ఏటి? మాలాంటి పుణ్యస్త్రీలకి మూడు కత్తెరలే. సుక్రి బుద్ధిగా వింది. పెద్దింటి వాళ్ల దేవుడి సంగతులు వాళ్లకే తెలుస్తాయన్నట్టు తలూపింది. మా కాడ కోడిని కోస్తామమ్మా అంది, ఏదో తక్కువ సంగతి చెబుతున్నట్టు. ఆ తలూపు ఇన్నాళ్లకి ఇప్పుడొచ్చి మెడ పట్టుకుంది. దేవుడి పేరు చెప్పి ఎంత చక్కగా అబద్ధం ఆడింది తను! ఒక్క మాట కూడా తడబడలేదు.

ఫోను మోగింది. దేవీప్రసాద్. హారికని ఎక్స్‌రేకి తీసుకెళ్లిన మనిషి. "చేతికి కట్టు కట్టేరే. ఇంటికి తీసుకొచ్చేసినాను, భయపడకు. కొట్టు ముందు కొబ్బరికాయ కొట్టించీమంటావా? గండం గడిచినాది కదా."

"ఒద్దు."

"ఏటి?"

"ఇంకా గడవలేదు."

అతను మాట మార్చాడు. సుక్రికి కబురంపానని, డుంబ్రిగుడ అవతల వాళ్ల ఊరికి మనిషి వెళ్లాడని చెప్పాడు. తర్వాత గొంతు తగ్గించి, "దేవుడి కాడ ముడుపు అగుపడింది. ఏటి మొక్కుకున్నావు?" అన్నాడు. మంచివాడు, మొక్కు ఏదైనా తీర్చేద్దామనే అడిగాడు. ఏం చెబుతుంది? తర్వాత చెప్తానని పెట్టేసింది.

చెయ్యి తనకి తెలీకుండానే వెనక్కి వెళ్లి జుట్టు ముడి తడిమింది. మల్లె మొగ్గల నూనె రాసి, పొద్దున్నే బిగించుకున్న ముడి. ఇస్తేనో? ఈ ముడి మొత్తం ఇచ్చేస్తేనో? వెంటనే సంతరోజు కొట్టు ముందు నిలబడిన తనే కళ్ల ముందుకొచ్చింది, బోడి తల మీద కొంగు కప్పుకుని. ఎదురు కొట్టు లక్ష్మి బుగ్గలు నొక్కుకుంటుంది. పనిపిల్ల కోసమట అంటారు. ఏటే ఇది, నేను బతికే ఉన్నాను కదే అంటాడు దేవీప్రసాద్. చెయ్యి కిందికి వచ్చేసింది. అంత తొందరగా వచ్చేసినందుకు చచ్చేంత సిగ్గేసింది. లోపల ఒక పిల్ల కళ్లు తెరవకుండా పడి ఉంది. ఇక్కడ తను జుట్టు గురించి, లక్ష్మి గురించి బేరం చూసుకుంటోంది. పొద్దున హారిక కోసమైతే అడగని దేవుడికి ప్రాణమైనా ఇచ్చేసేది, అదీ ఇంకొకరి ప్రాణం. కన్నీళ్లు రాబోయాయి. రావడానికి కూడా అర్హత ఉండాలేమో అనిపించి కొంగుతో గట్టిగా తుడిచేసుకుంది.

గేటులోంచి మోటారు సైకిలు వచ్చింది. వెనకనుంచి సుక్రి దిగింది, చీర మోకాళ్ల దాకా బురద, నెత్తి మీద ప్లాస్టిక్ పట్టా. వెళ్లిన మనిషి ఏం చెప్పాడో, అసలు చెప్పాడో లేదో. సుక్రి మొహంలో కంగారుంది గానీ తన బిడ్డకి జరిగిందని తెలిసిన కంగారు కాదది. దగ్గరికొచ్చి వంగి సత్యకుమారి మొహంలోకి చూసింది. అంతలో సంచీ మీద చూపు పడింది. మూతిలోంచి జడ కుచ్చు, చిట్టి ఎప్పుడూ పెట్టుకునే ఎర్ర రిబ్బను బయటికి వచ్చి ఉన్నాయి. సుక్రి దాన్ని గుర్తుపట్టి, జాలిగా నిట్టూర్చింది.

"మల్లీ మొక్కా అమ్మా? ఈపాలి ఎవులికి బాగునేదు? హారికమ్మకా?"

సత్యకుమారి జరిగి చోటిచ్చింది. సుక్రి చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టింది. ఇన్నేళ్లలో పక్కన కూర్చోబెట్టుకోవడం అదే మొదలు. ఆ సంగతీ అప్పుడే తెలిసింది.

"హారికకి కాదే. చిట్టికి. ఆటో పడిపోయింది. తలకి దెబ్బ తగిలినాది, ఇంకా తెలివి రానేదు. అంబులెన్సు వత్తాది, విశాపట్నం తీసుకెళ్లిపోదాం."

సుక్రి లేచి తలుపు దగ్గరికి వెళ్లింది. అద్దంలోంచి చూసింది. సోంబారీ, అని పిలిచింది. తమ భాషలో ఇంకేదో అంది, మెల్లగా, నిద్ర లేపుతున్నట్టు. సోమవారం పుట్టిందని తల్లి పెట్టుకున్న పేరది. పలకడానికి బాగోలేదని ఇంట్లో అడుగుపెట్టిన రోజే సత్యకుమారి మార్చేసి చిట్టి అని పెట్టింది. లోపలి పిల్ల పలకలేదు. నర్సమ్మ వచ్చి సుక్రి భుజం మీద చెయ్యి వేసి ఇవతలికి తీసుకొచ్చింది. సుక్రి గొంతెత్తి ఏడవలేదు. వచ్చి కింద కూర్చుని, సంచీ తన ఒళ్లోకి తీసుకుని, జడని అరచేత్తో నిమురుతూ చాలాసేపు ఉండిపోయింది. తర్వాత తలెత్తింది.

"అమ్మా, మీ దేవుడు పెద్ద దేవుడు గదా. సోంబారి కోసం జుట్టు ఇయ్యాల గదా. నాను ఇత్తాను. ఇప్పుడే ఇచ్చెత్తాను." ఆగి, భయపడుతూ అడిగింది. "తల్లి ఇయ్యొచ్చా అమ్మా? నాడు మీరు హారికమ్మకి ఇయ్యనేదు గదా. తల్లిది ఒప్పుకోడేమో అనుకున్నాను."

ఆ మాటలో దెప్పు లేదు. వెతికినా లేదు. ఉంటే ఎంత బాగుండేదో, పట్టుకుని ఏడ్చేది. తన నోటితో తను నేర్పిన పాఠం, ఒక్క అక్షరం పోకుండా, తిరిగొచ్చి ఎదురుగా కూర్చుంది, జవాబు కోసం ఎదురు చూస్తోంది.

"ఇవ్వొచ్చే," అంది సత్యకుమారి. "తల్లే ఇవ్వాల. ఒప్పుకుంటాడు. నేనే ఇవ్వనేదు సుక్రీ. నాకు సిగ్గేసి ఇవ్వనేదు. నీకు అబద్ధం సెప్పినాను."

సుక్రికి అది సగమే అర్థమైందో, ఇప్పుడు పట్టించుకునే సంగతి కాదనుకుందో, ఇవ్వొచ్చన్న మాట మాత్రం గట్టిగా పట్టుకున్నట్టు తలూపింది. సరిగ్గా అప్పుడే ఊరి చివర సైరను వినిపించింది. తర్వాత అంతా గడబిడ. స్ట్రెచరు, సెలైను సీసా, దారి వదలండమ్మా అన్న కేకలు. సుక్రిని ఎక్కించారు. ఇంకొకరు రావచ్చు, ఎవరొస్తారని అడిగితే దేవీప్రసాద్ కోసం ఆగకుండా సత్యకుమారి ఎక్కేసింది. మొదటి మలుపులోనే అందరూ ఒక పక్కకి ఒరిగిపోయారు. ఆమె వెనక తలుపు వైపు జరిగి కూర్చుని, స్ట్రెచరు మీది పిల్ల జారకుండా రెండు చేతులూ అడ్డం పెట్టింది. కట్టు కట్టిన బోడి తల, చెవి వెనక ఎండిన రక్తం, చల్లటి చెయ్యి. ఎదురుగా సుక్రి ఒళ్లో సంచి మీద అప్పన్న బొమ్మ ఇటే చూస్తోంది. ఈసారి తప్పించుకోవడానికి చోటు లేదు, కిందికి తిప్పడానికి సంచీ తన చేతిలో లేదు. కింద లోయ, కొత్త కోడలుగా వచ్చిన రోజున చూసి కళ్లు మూసుకున్న లోయే. కళ్లు మూసుకోలేదు. మొక్కు ఏదీ నోటికి రాలేదు, ఇవ్వడానికి ఏదీ తోచలేదు. సిగ్గుతోనే, తల దించుకునే, పెదవులు కదిలాయి.

తండ్రీ, ఈ పిల్ల పేరు సోంబారి. నేను సత్యకుమారిని. పొద్దున నీతో మాట్లాడింది నేనే.